గడువు లేని రసీదు

కామారెడ్డి జిల్లా బాన్సువాడలో ఇంటికి నెట్ పెట్టించుకుందామని డబ్బు కట్టి, బాక్సు గోడకు బిగించుకుని, అది పనిచేయక రోజుల తరబడి ఎదురుచూసే మనిషికి ఊరు చెప్పే మాట ఒకటే. "చిన్న ఊరు, గట్లనే ఉంటది. అప్పటిదాక ఫోన్ల నెట్ ఉన్నది కదా." ఈ మాట కంపెనీవాళ్లు మాత్రమే అంటే దానిమీద ఇంత రాయాల్సిన పని లేదు. చదువుకున్నవాళ్లే అంటున్నారు. బడిలో పాఠాలు చెప్పే సార్లు, బ్యాంకులో పనిచేసేవాళ్లు, హైదరాబాద్‌లో చదివి ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు ఉద్యోగం చేసే పిల్లల తల్లిదండ్రులు అంటున్నారు. ఓపిక పట్టమని పెద్దమనిషి చెప్పే సలహాలాగా ఇది చలామణి అవుతోంది. ఈ సలహా తప్పని, దీనివల్ల నష్టపోతున్నది మనమేనని నా వాదన. కొత్త కనెక్షన్ ఆలస్యం కావడానికి ఊరు చిన్నదవడం కారణం కాదు, గాజు తీగలోని సాంకేతిక చిక్కూ కారణం కాదు. డబ్బు తీసుకున్నవాడు ఫలానా తేదీలోపు ఇస్తానని ఎక్కడా రాసి ఇవ్వకపోవడం, ఇవ్వకపోతే వాడికి పైసా నష్టం రాకపోవడం అసలు కారణాలు.

ఇలాంటి మాట ఈ దేశం ఇంతకుముందూ విన్నది. 1980ల మొదట్లో కేంద్రంలో కమ్యూనికేషన్ల మంత్రిగా ఉన్న సి.ఎం. స్టీఫెన్, టెలిఫోన్ విలాస వస్తువే తప్ప హక్కు కాదని పార్లమెంటులో అన్నారని ఆ కాలం గురించి రాసినవాళ్లు పలువురు చెబుతారు. అప్పట్లో ఫోను కోసం ఏళ్లకేళ్లు ఆగడం మామూలు. ముందుగా ఎక్కువ సొమ్ము డిపాజిట్ చేసినవాళ్లకు 'ఓన్ యువర్ టెలిఫోన్' పేరుతో వేరే వరస ఉండేది. ఆగడమే సహజమని జనం కూడా నమ్మారు. 1984లో ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ పెట్టి, 1986లో కర్ణాటకలోని కిత్తూరులో 128 లైన్ల గ్రామీణ ఎక్స్చేంజి నడిపి చూపించేదాకా, పల్లెటూళ్ల దుమ్ముకు, ఎండకు టెలిఫోన్ ఎక్స్చేంజి తట్టుకోదన్న మాటే చెల్లింది. 1994 జాతీయ టెలికాం విధానం 1997 కల్లా అడిగిన వెంటనే ఫోను ఇవ్వాలని లక్ష్యం రాసుకుంది. ఆ గడువూ తప్పింది. అయినా ఆ కాలానికి ఒక మేలు ఒప్పుకోవాలి. వెయిటింగ్ లిస్టు ఉండేది. ఎంతమంది డబ్బు కట్టి ఎదురుచూస్తున్నారో ప్రభుత్వం దగ్గర అంకె ఉండేది, ఆ అంకె పార్లమెంటులో ప్రశ్నగా వచ్చేది, మంత్రి లేచి జవాబు చెప్పాల్సి వచ్చేది. ఇవాళ బాన్సువాడలో ఇంటి బ్రాడ్‌బ్యాండ్ కోసం ఎంతమంది ఎదురుచూస్తున్నారని అడిగితే చెప్పేవాడు లేడు. "మీ ఏరియాలో ఫీజబుల్ కాదు" అన్న ఒక్క మాటతో దరఖాస్తు మాయమవుతుంది. మాయమైన దరఖాస్తును లెక్కపెట్టే పుస్తకం లేదు.

ఆలస్యానికి సాంకేతిక కారణాలుంటాయని, మనకు తెలియని విషయంలో తలదూర్చకూడదని చాలామంది వెనక్కి తగ్గుతారు. అందుకే ఆ సాంకేతికతను కాస్త దగ్గరగా చూద్దాం. అది అంత గహనమైనదేమీ కాదు. వీధి స్తంభం మీది పెట్టె నుంచి ఇంట్లోకి వచ్చే నల్ల వైరును ఒలిస్తే లోపల 125 మైక్రాన్ల మందం గాజు పోగు ఉంటుంది, మన వెంట్రుక కంటే పెద్ద లావేమీ కాదు. లైను వేసే కుర్రాడు దాని కొసను స్పిరిట్‌తో తుడిచి, కట్టర్‌తో సూటిగా కోసి, ఇంకో కొసతో ఎదురెదురుగా స్ప్లైసింగ్ మెషిన్లో పెడతాడు. చిన్న మెరుపు మెరుస్తుంది, రెండు కొసలూ కరిగి అతుక్కుంటాయి. తర్వాత పవర్ మీటర్ పెట్టి చూస్తాడు. మైనస్ 20 డీబీఎం దగ్గర చూపిస్తే నిశ్చింత. మైనస్ 27 దాటి దిగితే బాక్సుకు వెలుగు చాలదు, ఎక్కడో వైరు మడతపడింది లేదా అతుకు సరిగ్గా పడలేదు. ఇంతవరకు చేయి తిరిగినవాడికి ఒక పూట పని.

తర్వాతి కథ గోడమీది బాక్సే చెబుతుంది. దానిమీద మూడు దీపాలు చూడాలి. ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న దీపం ఎర్రగా వెలుగుతుంటే గాజు పోగులో వెలుగు రావడం లేదు, అది లైను వేసినవాడి పని. ఎర్రదీపం ఆరిపోయినా పాన్ అన్న దీపం మిణుకుమిణుకుమంటూనే ఉంటే, ఎక్స్చేంజిలో ఉన్న ఓఎల్‌టీ అనే పరికరం ఈ బాక్సును ఇంకా గుర్తుపట్టలేదన్నమాట. బాక్సు వెనక అంటించిన సీరియల్ నంబరును అక్కడ ఎవరో నమోదు చేయాలి. పాన్ దీపం నిలకడగా పచ్చగా వెలిగినా ఇంటర్నెట్ దీపం వెలగకపోతే, మన యూజర్ నేమ్, పాస్‌వర్డ్, కట్టిన ప్లాను కంపెనీ కంప్యూటర్లో ఒకదానికొకటి ముడిపడలేదు. అది కంపెనీ బిల్లింగ్ విభాగం పని, కుర్చీలో కూర్చుని చేసే పని.

మా ఇంట్లో ఆగింది ఈ మూడో మెట్టు దగ్గర. మొదటి రెండు దీపాలూ సరిగ్గానే ఉన్నాయి. కాల్ సెంటర్‌కు ఫోన్ చేస్తే బాక్సు ఆపి పది నిమిషాలు ఆగి మళ్లీ వేయమన్నారు. ఇంకోసారి చేస్తే లోకల్ పార్ట్‌నర్‌కు పంపామన్నారు. లైను వేసిన కుర్రాడికి చేస్తే, "మా సైడు అయిపోయింది సార్, పైనుంచి ప్లాన్ పుష్ చెయ్యాలె, నేనేం చేద్దును" అన్నాడు. అతను చెప్పింది నిజం. నడుమ ఫోనుకు మెసేజ్ వచ్చింది, మీ ఫిర్యాదు పరిష్కరించబడిందని. దీపం వెలగలేదు. చివరికి వెలిగిన రోజు ఖాతా తెరిచి చూస్తే ప్లాను గడువు మేము డబ్బు కట్టిన నాటి నుంచే తరుగుతూ వచ్చింది. వాడని రోజులకూ అద్దె తీసుకున్నారు. ఆ కంపెనీ పేరు రాయను, ఎందుకంటే ఈ వరస ఒక్క కంపెనీది కాదు. మా వీధిలో వేరే కంపెనీ కనెక్షన్ తీసుకున్నవాళ్లూ ఇదే కథ చెప్పారు.

అంటే ఆగిన పని ఎక్కడ ఆగిందో పది నిమిషాల్లో ఎవరికైనా తెలుస్తుంది. తెలియనిదల్లా అది ఎవరు చేయాలి, ఎప్పటిలోగా చేయాలి అన్నది. దీన్ని సాంకేతిక సమస్య అనడమంటే బాధ్యతను తెలియనితనం వెనక దాచడమే.

ఇక్కడే ఊళ్లో వినిపించే రెండో మాటనూ తోసిపుచ్చాలి. "ఈ లైను పోరగాళ్లు బద్ధకస్తులు, పైసలియ్యనిదే రారు" అని. కనిపించే మనిషి అతనొక్కడే కాబట్టి కోపమంతా అతని మీదకు పోతుంది. అతని పరిస్థితి చూడండి. ఎక్కువ చోట్ల అతను కంపెనీ ఉద్యోగి కాదు. కంపెనీకి ఫ్రాంచైజీగా ఉన్న కేబుల్ ఆపరేటర్ దగ్గర పనిచేస్తాడు. నెలనెలా మనం కట్టే సొమ్ములో ఆపరేటర్‌కు వాటా వస్తుంది, స్తంభం నుంచి ఇంటికి వైరు, అతుకులు, మరమ్మతులు అతని నెత్తిన ఉంటాయి. ప్లాను ముడివేసే అధికారం మాత్రం అతని చేతిలో ఉండదు. చేయలేని పనికి తిట్లు తినడానికే అతన్ని మన గుమ్మం ముందు నిలబెట్టారు. ఎర్రటి ఎండలో నిచ్చెన మోసుకొచ్చి, కరెంటు తీగల పక్కనే నిలబడి వైరు లాగే మనిషిని బద్ధకస్తుడని తిట్టి, పేరూ ఊరూ తెలియని బిల్లింగ్ విభాగాన్ని వదిలేయడం న్యాయం కాదు.

ఫోన్‌లో నెట్ ఉంది కదా అన్న మాట అన్నిటికంటే బలమైనది, అందుకే అన్నిటికంటే ఎక్కువ హాని చేస్తోంది. దానికి దన్నుగా లెక్కలు కూడా ఉన్నాయి. దేశంలో బ్రాడ్‌బ్యాండ్ చందాదారులు 94 కోట్ల దాకా ఉన్నారని 2024 చివరి లెక్కలు. అందులో తీగ మీద వచ్చే కనెక్షన్లు సుమారు 4 కోట్లు మాత్రమే, మిగతావన్నీ దాదాపుగా ఫోన్లే. 2004లో 256 కేబీపీఎస్ ఉంటే బ్రాడ్‌బ్యాండ్ అన్నారు, 2013లో 512 చేశారు, 2023లో 2 ఎంబీపీఎస్‌కు పెంచారు. ఆ కొలతకు జేబులో ఉన్న ఏ ఫోనైనా సరిపోతుంది. దాంతో దేశమంతా బ్రాడ్‌బ్యాండ్ వచ్చేసినట్టే లెక్క, తీగ అడిగేవాడు అదనపు సౌఖ్యం అడుగుతున్నట్టే లెక్క.

కాని ఫోను మనిషిది, తీగ ఇంటిది. పొద్దున నాన్న పనికి బయలుదేరితే హాట్‌స్పాట్ ఆయన జేబులో బయలుదేరుతుంది. ఇంట్లో మిగిలిన పిల్ల ఆన్‌లైన్ క్లాసు అక్కడితో ఆగుతుంది. రోజుకు ఒకటిన్నర, రెండు జీబీల ప్లాను మీద గంటసేపు స్పష్టమైన వీడియో పాఠం వింటే సగానికి పైగా ఖర్చవుతుంది. దోస్త్‌లో డిగ్రీ సీటుకు ఆప్షన్లు పెట్టుకోవడం, ఎంసెట్ పేరు మారి వచ్చిన ఈఏపీసెట్ కౌన్సెలింగ్, పోటీ పరీక్షల దరఖాస్తులు, భూభారతిలో పొలం వివరాలు, అన్నీ తెరమీదకే వచ్చాయి. చివరి రోజు సాయంత్రం ఊరంతా ఒకే టవర్ మీద పడ్డప్పుడు ఫోన్ నెట్ ఎలా నడుస్తుందో అందరికీ అనుభవమే. కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాల్లో గల్ఫ్‌కు పోయిన మనిషి లేని ఊరు దొరకడం కష్టం. దుబాయ్‌లోనో మస్కట్‌లోనో డ్యూటీ దిగి గదికొచ్చిన మనిషి తన బిడ్డ ముఖం చూసేది వీడియో కాల్‌లోనే. బొమ్మ ఆగిపోతే అతను చూడలేకపోయిన నిమిషాలను ఎవరు తిరిగిస్తారు? 2020 తర్వాత ఇంటి నుంచి పనిచేస్తూ ఇక్కడే ఉండిపోదామనుకున్న పిల్లలు ఉన్నారు. నమ్మకమైన తీగ లేకపోతే వాళ్లు మళ్లీ హైదరాబాద్‌లో హాస్టల్ అద్దె కట్టాల్సిందే. అప్పుడు, చూశారా, ఇక్కడ నెట్‌కు గిరాకీ లేదంటారు.

గిరాకీ లేదన్న వాదన ఇలా తన తోక తానే మింగుతుంది. ఇవ్వరు, కాబట్టి వాడేవాళ్లు తక్కువ. వాడేవాళ్లు తక్కువ, కాబట్టి ఇవ్వనక్కర్లేదు. బాన్సువాడ ప్రాంతంవాళ్లకు ఈ వాదనలోని మోసం చెప్పనక్కర్లేదు, నిజాంసాగర్ కాలువ చూసిన నేల ఇది. 1931లో మంజీర మీద ఆనకట్ట పూర్తయింది. కాలం గడిచి, పూడిక చేరి, కాలువ చివరి పొలాలకు నీళ్లు అందడం తగ్గిపోయింది. అక్కడి రైతు నీళ్లు వాడుకోవడం లేదు కాబట్టి అతనికి నీటి అవసరం లేదని ఎవరైనా అని ఉంటే ఈ జిల్లా ఊరుకునేదా? బావి తవ్వుకోమని వదిలేయలేదు. అలీసాగర్, గుత్ప ఎత్తిపోతలు కట్టి శ్రీరాంసాగర్ వెనక నీళ్లను ఎత్తి చివరి ఆయకట్టుకు పోశారు. చివర ఉన్నవాడికి చేరితేనే కాలువ పూర్తయినట్టని ఒప్పుకున్న నేల మీద, తీగ విషయంలో మాత్రం స్తంభం దాకా వస్తే చాలన్న మాట ఎలా చెల్లుతోంది?

ప్రభుత్వాల లెక్కలూ స్తంభం దగ్గరే ఆగుతున్నాయి. 2011 అక్టోబరులో కేంద్రం ఆమోదించిన ఆప్టికల్ ఫైబర్ పథకానికి తర్వాత భారత్‌నెట్ అని పేరు పెట్టారు. 2 లక్షలకు పైగా పంచాయతీలు 'సర్వీస్ రెడీ' అయ్యాయని నివేదికలు చెబుతాయి. రెడీ అంటే పంచాయతీ ఆఫీసు దాకా తీగ వచ్చిందని. 2023 ఆగస్టులో 1.39 లక్షల కోట్ల రూపాయలతో ఆమోదించిన సవరించిన పథకంలో గాని కోటిన్నర గ్రామీణ గృహాలకు కనెక్షన్ ఇవ్వాలన్న లక్ష్యం గట్టిగా రాలేదు. మన రాష్ట్రంలో మిషన్ భగీరథ నీళ్ల పైపుల పక్కనే గొట్టం వేసి ఫైబర్ నడిపే ఆలోచన నిజంగా తెలివైనది. ఒకసారి తవ్విన కందకంలోనే రెండు పనులు. టీ-ఫైబర్ అనే ఆ పథకం సేవలు 2024 డిసెంబరులో కొన్ని గ్రామాల్లో ప్రయోగంగా మొదలయ్యాయి. అది విస్తరించాలని నేను గట్టిగా కోరుకుంటాను. అయితే అక్కడ కూడా కిలోమీటర్లు లెక్కపెట్టినంతకాలం ఇదే జరుగుతుంది. లెక్కపెట్టాల్సింది దరఖాస్తు తేదీకి, ఇంటర్నెట్ దీపం వెలిగిన తేదీకి మధ్య రోజులను.

నిబంధనలు లేకపోలేదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2006లోనే బ్రాడ్‌బ్యాండ్ సేవల నాణ్యత నిబంధనలు తెచ్చింది. 15 పనిదినాల్లో నూటికి నూరు కనెక్షన్లు ఇవ్వాలని, డబ్బు తీసుకుని ఆ గడువు దాటితే రోజుకు 10 రూపాయల చొప్పున మొదటి బిల్లులో తగ్గించాలని అందులో ఉండేది. చదివితే సంతోషమే. ఆ వాక్యాల్లోనే రెండు తలుపులు తెరిచి పెట్టారు. సాంకేతికంగా సాధ్యపడితేనే గడువు వర్తించేది, సాధ్యమా కాదా తేల్చేది కంపెనీయే. ఇక ఇచ్చే పరిహారం ఇన్‌స్టలేషన్ చార్జీకి మించకూడదని ఉండేది. ఇన్‌స్టలేషన్ ఉచితమని గోడల మీద, ఆటోల వెనక ప్రకటనలు వేసే రోజుల్లో ఆ గరిష్ఠ పరిమితి ఎంతవుతుంది? సున్నా. ఉచితం అన్న మాట వినియోగదారుడికి మేలనుకుంటాం, అది పరిహారం అడిగే హక్కుకే కత్తెర వేయగలిగింది. 2024 ఆగస్టులో ట్రాయ్ పాత నిబంధనల స్థానంలో కొత్తవి తెచ్చి అక్టోబరు 1 నుంచి అమల్లో పెట్టింది. ప్రమాణాలు తప్పిన కంపెనీలకు జరిమానాను 10 లక్షల రూపాయల దాకా పెంచింది. మంచిదే. కాని జరిమానా ప్రభుత్వ ఖజానాకు పోతుంది, ఎదురుచూసిన ఇంటికి రాదు. పైగా సగటుల మీద కొలిచే ప్రమాణం హైదరాబాద్‌లో వేగంగా ఇచ్చిన కనెక్షన్ల కింద బాన్సువాడ ఆలస్యాన్ని కప్పేయగలదు.

దీనికి వేరే దారి ఉందని బ్రిటన్ చూపించింది. అక్కడి నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ ఆధ్వర్యంలో 2019 ఏప్రిల్ 1న ఆటోమేటిక్ పరిహారం పద్ధతి మొదలైంది. కంపెనీలు స్వచ్ఛందంగా చేరేదే అయినా పెద్ద కంపెనీలు చేరాయి. చెప్పిన తేదీకి కొత్త కనెక్షన్ మొదలు కాకపోతే రోజుకు 5 పౌండ్లు, వస్తానన్న ఇంజనీరు రాకపోతే 25 పౌండ్లు అప్పట్లో నిర్ణయించారు, తర్వాత పెంచారు కూడా. ఇందులో నాకు అన్నిటికంటే నచ్చింది డబ్బు మొత్తం కాదు. వినియోగదారుడు అడగనక్కర్లేదు, దానంతట అదే జమవుతుంది. తీగ వేసింది వేరే సంస్థ అయినా, తప్పు దానిదే అయినా, ఇంటివాడికి చెల్లించాల్సింది అతని దగ్గర డబ్బు తీసుకున్న కంపెనీయే. వాళ్లలో వాళ్లు తర్వాత తేల్చుకుంటారు. 'మా సైడు అయిపోయింది', 'పార్ట్‌నర్‌కు పంపాం' అన్న మాటలకు అక్కడ విలువ లేకుండా పోయింది, ఎందుకంటే ఆ మాట అన్న ప్రతి రోజూ ఖర్చే.

మన కంపెనీలకు ఇబ్బందులు లేవని నేను అనను. స్తంభాల సంగతి నిజమైన చిక్కు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు ప్రాణాలు పోగొట్టుకున్నాక, విద్యుత్ స్తంభాల మీది కేబుళ్లను కత్తిరించడం మొదలైంది, వ్యవహారం హైకోర్టుకు చేరింది. అడ్డదిడ్డంగా వేలాడే తీగల వల్ల ఏ ఇంటి పిల్లాడికీ ప్రమాదం రాకూడదు. తీగలు పద్ధతిగా, తగిన ఎత్తులో, అనుమతితో ఉండాల్సిందే, దానికి రెండు వారాలు ఎక్కువ పడితే ఓర్చుకుంటాను. ఇళ్లు దూరదూరంగా ఉన్న చోట వైరు ఖర్చు ఎక్కువన్నదీ నిజమే. అలాంటప్పుడు ముందే చెప్పాలి, ఇంత అవుతుందని, ఇన్ని రోజులు పడుతుందని. ఇవ్వలేమంటే అదీ కాగితం మీద రాసి, కారణం చెప్పి, ఆ దరఖాస్తును లెక్కలో ఉంచాలి. నేను అభ్యంతరపెడుతున్నది డబ్బు తీసుకున్నాక, తీగ ఇంట్లోకి వచ్చాక, బాక్సు గోడమీద కూర్చున్నాక జరిగే ఆలస్యాన్ని. దానికి స్తంభం అడ్డం రాదు, దూరమూ అడ్డం రాదు.

మనం అడగగలిగినవీ ఉన్నాయి. డబ్బు కట్టేటప్పుడు కనెక్షన్ మొదలయ్యే తేదీని రసీదు మీద రాయించుకోవడం మొదటిది. రాయనంటే మెసేజ్‌లోనైనా పెట్టమనాలి. ఫిర్యాదు చేసిన ప్రతిసారీ డాకెట్ నంబరు తీసుకోవాలి. పని కాకుండానే 'పరిష్కరించబడింది' అని మూసేస్తే, ప్రతి కంపెనీలోనూ ఉండాల్సిన అప్పిలేట్ అథారిటీకి రాయాలి. ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం అది మన హక్కు. దీపాల ఫోటో, తేదీతో సహా, దగ్గర పెట్టుకుంటే ఏ మెట్టు దగ్గర ఆగిందో వేరే సాక్ష్యం అక్కర్లేదు. ఇక వినియోగదారుల కమిషన్. 2009లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు పట్టుకుని, టెలికాం గొడవలు అక్కడ చెల్లవని కంపెనీలు చాలా ఏళ్లు తప్పించుకున్నాయి. 2022 ఫిబ్రవరిలో వొడాఫోన్ ఐడియా కేసులో అదే కోర్టు ఆ అడ్డు తీసేసింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కంపెనీ ఆఫీసు ముంబయిలో ఉన్నా, ఢిల్లీలో ఉన్నా, మనం ఉన్న జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. ఒక వీధిలో నలుగురు కలిసి, తేదీలు రాసి, ఫోటోలు జతచేసి ఒకే ఫిర్యాదుగా పంపితే, అది చిన్న ఊరి గొడవ అని పక్కన పెట్టడం కంపెనీకి కష్టమవుతుంది.